ఎనిమిదో చెయ్యి

డర్బన్ పక్కన మా చాట్స్‌వర్త్‌లో పెళ్ళింటికి బంగాళాదుంపల చెక్కు తీయడానికి వెళ్ళే ఆడది తన కత్తి తానే తీసుకెళ్ళాలి. పెళ్ళివాళ్ళు దుంపలు పోస్తారు, బిర్యానీ వండే పెద్ద పెద్ద డేగిశాలు అద్దెకు తెస్తారు, మధ్యాహ్నం చిక్కుడు గింజల కూరతో కడుపునిండా అన్నం పెడతారు, కత్తి మాత్రం ఇవ్వరు. ముప్ఫై మంది ఆడవాళ్ళ కత్తులు ఒకే గ్యారేజీలో కలిసిపోకుండా పిడికి ఉన్ని దారం చుట్టుకుంటాం. ఒక్కో ఇంటిది ఒక్కో రంగు. మా అమ్మది పచ్చగా ఉండేది, మా వదిన సెల్వరాణిది గులాబీ. నాది ఎరుపు. వరాలు కత్తికి కూడా ఎరుపే. ఆ శుక్రవారం పొద్దున రెండు కత్తుల్నీ ఒకే తువ్వాల్లో చుట్టి సంచిలో పెడుతుంటే వరాలు టీ తాగుతూ చూసి, "నా కత్తికి వేరే రంగు చుట్టనా, మీ వదినకి ఇబ్బంది లేకుండా?" అంది. నవ్వుతూనే అంది. నేను తువ్వాలు ముడి ఇంకాస్త బిగించాను.

నా పేరు దేవనాయగి. చుట్టాలందరికీ నాయగి. వయసు యాభై ఎనిమిది. బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై ఆరేళ్ళు మిషను కుట్టి, పోయిన ఏడాదే మానేశాను. వరాలంటే వరలచ్చిమి అప్పల్‌సామి, ఆసుపత్రిలో నర్సు. వాళ్ళది తెలుగిల్లు, మాది అరవిల్లు. వాళ్ళ చారు నీళ్ళలా ఉంటుందని నేనూ, మా పులుసు బురదలా ఉంటుందని తనూ ఇరవై రెండేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర పోట్లాడుకుంటున్నాం. తాతల నాడు చెరకు నరకడానికి వచ్చి డర్బన్‌లో దిగినవాళ్ళమే అందరం. ఇప్పుడు మా ఇద్దరి నోటా మిగిలిన పాత భాషంతా వంటల పేర్లూ, వరసల పేర్లూ. ఆ వరసల్లో వరాలుకి మాత్రం ఒక్కటీ దొరకలేదు. అత్త కాదు, వదిన కాదు, పిన్ని కాదు. మా వాళ్ళకి ఆమె నాయగి ఫ్రెండు. మా ఇంట్లో ఒకటే పడకగది ఉందని అందరికీ తెలుసు. పండక్కి వచ్చి ఆ గదిలోనే కోట్లూ, సంచులూ పెడతారు. తెలుసు, కానీ తెలియదు. మా చుట్టాలకి ఈ విద్య బాగా వచ్చు.

పెళ్ళికాని ఆడదానికి చుట్టాల ఇళ్ళలో ఒక బిరుదు ఉంటుంది. "నీకేం." నీకేం నాయగీ, మొగుడా పిల్లలా, కాస్త ముందొచ్చి పూలు కట్టు. నీకేం, రేపు తీరిగ్గా లేస్తావు, ఈ గిన్నెల సంగతి నువ్వు చూడు. నీకేం, నీ కారు ఖాళీయే కదా, మామయ్యని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఫ్యాక్టరీలో కూడా అంతే. డిసెంబరులో ఓవర్‌టైము పడినప్పుడల్లా సూపర్‌వైజరు మొదట నా మిషను దగ్గరికే వచ్చేవాడు. నీకేం, ఇంట్లో నీకోసం ఎదురుచూసేవాళ్ళెవరున్నారు, అనేవాడు. ఎదురుచూసేది వరాలు. ఆసుపత్రిలో పన్నెండు గంటలు నిలబడి వచ్చి, నాకు టీ కాచి, దాని మీద సాసరు మూత పెట్టి, చల్లారిపోతే మళ్ళీ కాచి, మళ్ళీ మూత పెట్టి ఎదురుచూసేది. ఆ మాట అతనికి చెప్పలేక ఎన్ని డిసెంబర్లు కుట్టానో. పెళ్ళి కాలేదన్న కారణం నా చేత పని చేయించడానికి ప్రతిసారీ సరిపోయింది. నేను కూర్చోవడానికి మాత్రం ఏ కారణమూ ఎప్పుడూ సరిపోలేదు.

అయినా ఈ పెళ్ళిలో పని నాకు బరువు కాదు. పెళ్ళికూతురు కెరూషా. మా అన్నయ్య ధనబాలన్ కూతురు. పుట్టింది వదిన కడుపున, పెరిగింది నా నడుం మీద. వదినకి సూపర్‌మార్కెట్‌లో సాయంత్రం షిఫ్టు, అన్నయ్యకి ఎప్పుడు పడితే అప్పుడు షిఫ్టు. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే పిల్ల నా చేతిలో పడేది. నేను అన్నం పెట్టేదాన్ని. వరాలు జడ వేసేది, లెక్కలు చెప్పేది. ఆమె వేసిన జడ ఎంత బిగువంటే, పిల్ల కనుబొమలు పైకి లాక్కుపోయి రోజంతా ఆశ్చర్యపోతున్నట్టు కనపడేది. ఒకసారి బళ్ళో కుటుంబం బొమ్మ గియ్యమంటే కెరూషా అయిదుగురిని గీసింది. అమ్మ, నాన్న, తను, అత్త, వరాలు. ఆ అయిదో మనిషెవరో టీచరు రాసి పంపమంటే, వదిన ఆ బొమ్మ కింద "పక్కింటి ఆంటీ" అని రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కోపంతో దాచుకున్నానో ప్రేమతో దాచుకున్నానో నాకే తెలీదు.

అమ్మ తన చివరి మూడేళ్ళూ మంచం మీద మా ఇంట్లోనే గడిపింది. కొడుకు ఇల్లు పెద్దదే. కానీ నీకేం నాయగీ అన్నారు. నేను ఫ్యాక్టరీకి వెళ్తే వరాలు, వరాలు ఆసుపత్రికి వెళ్తే నేను. ఒంటికి పుండు పడకుండా రెండు గంటలకోసారి అమ్మని పక్కకి తిప్పింది వరాలే. అమ్మ పోయిన రోజు ఆడవాళ్ళు స్నానం చేయించాల్సి వచ్చేసరికి అందరూ గుమ్మం దగ్గర ఏడుస్తూ ఆగిపోయారు. వరాలు చీర కుచ్చిళ్ళు దోపుకుని లోపలికి వెళ్ళింది. అమ్మకి అక్క, మా అంగమ్మ పెరియమ్మ, ఆమె వెనకే వెళ్ళి మగ్గుతో నీళ్ళు అందించింది. అప్పటికే డెబ్బై దాటిన మనిషి. వరాలు చేతుల్నే కాసేపు చూసి, "పిల్లా, నువ్వెవరింటి కోడలివే?" అని అడిగింది. వరాలు అమ్మ జుట్టు తుడుస్తూ, "ఇంకా ఎవరూ చెప్పలేదు పెరియమ్మా," అంది. పెరియమ్మ ఇంకో మగ్గు నీళ్ళు అందించింది. పేపర్లో వేయించిన ప్రకటనలో ఏడుస్తున్న కుటుంబ సభ్యుల పేర్లన్నీ ఉన్నాయి. ఆస్ట్రేలియా వెళ్ళాక అమ్మకి ఒక్క ఫోనైనా చెయ్యని మనవడి పేరు కూడా ఉంది. వరాలు పేరు లేదు. ఆ ప్రకటన రాసిచ్చింది నేనే. అది కూడా చెప్పాలి కదా.

అప్పటికి మాకు పెళ్ళయి అయిదేళ్ళు. ఇద్దరాడవాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చని ఈ దేశంలో చట్టం వచ్చిన మూడో ఏడు, ఒక మంగళవారం, పన్ను నొప్పి అని ఫ్యాక్టరీలో సెలవు చీటీ రాసిచ్చి వెళ్ళి సంతకం పెట్టాను. సాక్షులు వరాలు వార్డులో పనిచేసే ఇద్దరు నర్సులు, జబులీలే, నోక్వాజీ. వాళ్ళిద్దరూ ఆ ఆఫీసు గదిలోనే గొంతెత్తి జూలూలో పెళ్ళిపాట పాడితే, బల్ల వెనకాల గుమస్తా కూడా చప్పట్లు కొట్టాడు. మా వాళ్ళ వైపు నుంచి ఒక్క మనిషి లేదు. తర్వాత కారులో కూర్చుని సమోసాలు తిన్నాం. వరాలు పర్సులోంచి పసుపు కొమ్ము కట్టిన దారాలు రెండు తీసింది. "ఆఫీసు కాగితం ప్రభుత్వానికి. ఇది మా అవ్వకి," అంది. వాళ్ళ అవ్వ పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు. ఒకరి మెడలో ఒకరం కట్టుకుని, జాకెట్టు లోపలికి తోసేసుకుని ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్తున్నట్టు ఇద్దరం మా ఇంటికే వెళ్ళాం. మర్నాడు ఫ్యాక్టరీలో అందరూ పన్ను ఎలా ఉందని అడుగుతుంటే వారం రోజులు ఒక పక్కనే నమిలాను. నవ్వు ఆగక చెయ్యి అడ్డం పెట్టుకుంటే, పాపం ఇంకా నొప్పిగానే ఉందనుకున్నారు. ఆ దారాలు ఇప్పుడు బీరువాలో చీరల కింద ఉన్నాయి. అంత సంతోషాన్ని పన్ను నొప్పి పేరు మీద దాచుకున్నదాన్ని నేను.

వదిన చెడ్డది కాదు. పెళ్ళికి రెండు వారాల ముందు మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చింది, వరాలు డ్యూటీలో ఉన్న సమయం చూసుకుని. పెళ్ళికొడుకు వాళ్ళు పాతకాలపు మనుషులనీ, వాళ్ళమ్మ గుడి కమిటీలో పెద్దావిడనీ, కెరూషాని మొదట్లో వాళ్ళు ఒప్పుకోలేదనీ చెప్పుకుంటూ వచ్చింది. నాకు ఎక్కడికి వస్తోందో తెలుస్తూనే ఉంది. "నీ ఫ్రెండుని రావద్దని కాదు నాయగీ. ఆమె లేకపోతే మనకి పని జరుగుతుందా? వెనకాల గ్యారేజీలో వంట చూసుకుంటే చాలు, ముందు గదిలోకి రాకుండా. ఆ మూడు రోజులే." ఆ మాట అనేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. ఆ తడి చూసి జాలేసింది నాకు. సరే అన్నాను. ఇద్దరం చేసుకున్న ఇంట్లో, తన కుర్చీలోనే కూర్చుని, తనని గ్యారేజీకి పంపడానికి నేను ఒప్పుకున్నాను.

సాయంత్రం కారులో చెప్పాను, ఎదురుగా మొహం చూడక్కర్లేదు కదా అని. రెండు సిగ్నళ్ళ దాకా వరాలు రోడ్డునే చూసింది. తర్వాత, "నువ్వు సరే అన్నావా?" అంది. అన్నానని చెప్పాను. "అయితే వడలు నేనే వేస్తాను. మీ వాళ్ళు వేస్తే పెళ్ళికొడుకు పళ్ళూడతాయి," అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఇంటి ముందు కారు ఆపాక తలుపు తియ్యకుండానే చెప్పింది. "కెరూషా కోసం ఈ ఒక్కసారి గ్యారేజీలో నిలబడతాను నాయగీ. ఆ పిల్ల నాక్కూడా పిల్లే. దీని తర్వాత మీ వాళ్ళ ఏ గుమ్మమూ ఫ్రెండునై తొక్కను. పెళ్ళికైనా చావుకైనా నువ్వొక్కదానివే వెళ్ళి రా. నాకు కోపం లేదు. అరిగిపోయాను, అంతే." కోపం ఉందని చెప్పినా బాగుండేది. కోపాన్ని బుజ్జగించడం నాకు తెలుసు. అరిగిపోయినదాన్ని ఏం చెయ్యాలో తెలీలేదు. ఆ రెండు వారాలూ ఆమె నాకు టీ కాచింది, మూత పెట్టింది, నా మోకాలికి నూనె రాసింది. అన్నీ ఎప్పటిలాగే చేసింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

శుక్రవారం గ్యారేజీలో ముప్ఫై మందిమి చుట్టూ కూర్చుని దుంపలు చెక్కాం. ఎవరి మొగుణ్ణి వాళ్ళు దుంపలతో పాటే చెక్కేస్తున్నారు. ఒకావిడ మొగుడికి తన మేజోళ్ళు ఎక్కడుంటాయో నలభై ఏళ్ళుగా తెలీదట. ఇంకొకావిడ మొగుడు ఫ్రిజ్ తలుపు తీసి, పెరుగు ఎదురుగా పెట్టుకుని, పెరుగు లేదని కేకేస్తాడట. "నువ్వు అదృష్టవంతురాలివి నాయగీ, ఈ గొడవల్లో పడకుండా తప్పించుకున్నావు," అన్నారు నాతో. వరాలు నా పక్కనే కూర్చుని తల వంచుకుని, దుంప చెక్కు మధ్యలో తెగకుండా రిబ్బనులా తీస్తోంది. "మా ఇంట్లోనూ ఉందిలెండి ఒకామె, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికేది," అన్నాను. అందరూ నవ్వారు. ఫ్రెండ్స్ అంటే మీలా ఉండాలి అన్నారు. మళ్ళీ మా నెత్తిన అదే మూత పెట్టేశారు.

దుంపలు అయ్యాక కత్తులు కడిగి, రంగుల ప్రకారం వేరు చేసి ఎవరివి వాళ్ళకి ఇచ్చేది అంగమ్మ పెరియమ్మే. ఎనభై నాలుగేళ్ళొచ్చినా ఆ పని ఇంకెవరికీ ఇవ్వదు. ఎర్ర దారం కత్తులు రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూసింది. మా వదిన చెల్లెలు, "ఒకటి నాయగిదీ, ఒకటి ఆమె ఫ్రెండుదీ పెరిమా," అని చెప్పింది. "రంగు ఒకటే కదే," అంది పెరియమ్మ. రెండింటినీ ఒకే తువ్వాల్లో చుట్టి నాకిచ్చింది. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. చూపు ఆనక అలా చేసిందనుకున్నాను.

శనివారం మూడింటికి నలుగు. ముందు గదిలో కుర్చీలన్నీ గోడవారకి జరిపి మధ్యలో పీట వేశారు. పాత పసుపు చీరలో, నగా నట్రా లేకుండా కూర్చున్న కెరూషా నాకు మళ్ళీ ఆరేళ్ళ పిల్లలా కనిపించింది. పెళ్ళికొడుకు తల్లి, ఆమె చెల్లెళ్ళూ కిటికీ పక్కన పట్టుచీరల్లో బిగుసుకుని కూర్చున్నారు. నలుగు పెట్టేది ముత్తయిదువలే. ఏడుగురో తొమ్మండుగురో, ఎప్పుడూ బేసి సంఖ్యే ఉండాలి. సరిసంఖ్యలో ఆగితే పిల్ల కాపురానికి మంచిది కాదంటారు. గరిక నూనెలో ముంచి తలకీ, భుజాలకీ, మోకాళ్ళకీ, పాదాలకీ తాకించి, తర్వాత పసుపు పూస్తారు. లెక్క చూసేది పెరియమ్మ. ఒక్కొక్కరు పూసి లేవగానే ఒక వక్క తీసి ఒళ్ళోని పళ్ళెంలో వేస్తుంది. మొగుడు పోయిన ముప్ఫై ఏళ్ళ నుంచి ఆమె పసుపు ముట్టదు, అందుకని లెక్క ఆమెకి అప్పగించారు. నాకు పెళ్ళి కాలేదు, అందుకని నూరడం నాకు అప్పగించారు. మా ఇంట్లో జరిగిన ప్రతి నలుగుకీ పసుపు నేనే నూరాను. అమ్మ సన్నికల్లు మీద, గంధం కలిపి, మెత్తగా వెన్నలా వచ్చేదాకా. గిన్నె పట్టుకుని పక్కన నిలబడేదీ నేనే. ఆ గదిలో అందరి చేతులకంటే పసుపుగా ఉండే చేతులు ఎప్పుడూ నావే.

ఒక్కొక్కరూ వచ్చి పూసి వెళ్ళారు. వదిన పూసేటప్పుడు ఏడ్చింది. ఏడో మనిషి పెళ్ళికొడుకు తల్లి. ఆవిడ పూసి లేవగానే పెరియమ్మ ఏడో వక్క వేసింది. అయిపోయింది. ఆడవాళ్ళు పాట అందుకోబోతున్నారు. కెరూషా తలెత్తి, బుగ్గల నిండా పసుపుతో, నా వైపు చూసింది.

"అత్తా, నువ్వు పెట్టవా?"

వదిన చటుక్కున ముందుకొచ్చింది. "అత్త రేపు మండపంలో అక్షింతలేస్తుందిలేమ్మా. ఇది పెళ్ళయినవాళ్ళు పెట్టేది," అని కూతురి భుజం తట్టింది. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, ఎప్పటిలాగే ప్రేమగా, "నాయగీ, నీకేం పని లేదుగా. ఆ గిన్నె లోపల పెట్టేసి, వడలు ఎంతవరకూ వచ్చాయో చూసి రా," అంది.

నేను కదిలాను కూడా. ఇరవై రెండేళ్ళ అలవాటు కాళ్ళకి ఉంటుంది, మనసుని అడగదు. గిన్నె పట్టుకుని రెండడుగులు వేశాను. వెనక గ్యారేజీ వైపు నుంచి వడలు వేగుతున్న వాసన వస్తోంది. వరాలు వేడి నూనె ముందు నిలబడి, నడుం నొప్పికి ఒకసారి కుడికాలి మీదా ఒకసారి ఎడమకాలి మీదా బరువు మార్చుకుంటూ ఉంటుంది. ఆమె ఎలా నిలబడుతుందో నాకు చూడక్కర్లేకుండా తెలుసు. ఆమె వేసిన జడలతో బడికి వెళ్ళిన పిల్ల పీట మీద కూర్చుంది. ఆమెకి ఇక్కడి పాట వినిపిస్తూ ఉంటుంది. ఇప్పుడు నేను వెళ్ళి, వడలు ఎంతవరకూ వచ్చాయని అడుగుతాను. ఆమె చెబుతుంది. రేపు పెళ్ళయిపోతుంది. ఎల్లుండి నుంచి నేనొక్కదాన్నే ఈ గుమ్మాలు ఎక్కీ దిగీ, మీ ఫ్రెండు రాలేదేం అని ఎవరైనా అడిగితే, పన్ను నొప్పి అని చెబుతాను కాబోలు. వదిన తప్పేముంది ఇందులో? పెళ్ళి కాలేదని ఆమెకి చెప్పింది ఎవరు? ప్రతిసారీ సరే అన్నది నేను. ప్రకటనలో పేరు రాయనిది నేను. వీళ్ళ తెలియనితనానికి కావలసిన పసుపంతా ఇన్నేళ్ళుగా నేనే నూరి గిన్నెలో పెట్టి అందించాను. వరాలు నా దగ్గర అడిగింది యుద్ధం కాదు. నా పక్కన ఒక కుర్చీ అడిగింది. నాకు అప్పుడు భయం వేసింది. వీళ్ళేమంటారో అని కాదు. ఆమె లేకుండా ఈ గుమ్మంలో నిలబడ్డ నన్ను ఊహించుకుని భయం వేసింది.

వెనక్కి తిరిగాను. పీట ముందు కూర్చోవడానికి మోకాలు సహకరించక, కెరూషా భుజమే పట్టుకుని కూర్చున్నాను. గరిక నూనెలో ముంచాను. తలకి, భుజాలకి, మోకాళ్ళకి, పాదాలకి తాకించాను. పసుపు తీసుకుని రెండు బుగ్గలకీ పూశాను. ఏదీ ఎవరినీ అడగక్కర్లేకపోయింది. ఇన్నేళ్ళూ చూసి చూసి అంత బాగా వచ్చింది నాకు. కెరూషా నా మణికట్టు పట్టుకుంది, వదల్లేదు.

"నాయగీ," అంది వదిన.

"నాకు పెళ్ళయి పదహారేళ్ళయింది వదినా. వరాలుతో. సంతకాలు పెట్టి, దారాలు కట్టుకుని చేసుకున్నాం. నీకు చెప్పకపోవడం నా తప్పు."

గుమ్మం దగ్గర అన్నయ్య చేతిలో అరటిపళ్ళ గెలతో అలాగే నిలబడిపోయాడు. అందరికంటే ముందు నోరు విప్పింది పెళ్ళికొడుకు తల్లి. ఆవిడ నా మొహం చూడలేదు. పెరియమ్మ ఒళ్ళో పళ్ళెం చూస్తోంది.

"ఎనిమిదయ్యాయి," అంది.

అప్పుడు తట్టింది నాకు. ఏడుతో నిండిన లెక్కని నేను ఎనిమిది చేసి కూర్చున్నాను. యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో ఒక్కసారి ధైర్యం చేసి, వేళ్ళ మీద లెక్క మరిచిపోయాను. నాకు కంగారు పుట్టింది. నా సంగతి బయటపడ్డందుకు కాదు, నా పిల్ల నలుగు సరిసంఖ్యలో ఆగిపోయినందుకు. గదిలో ఉన్న ఆడవాళ్ళందరి మొహాల్లోనూ అదే కంగారు. ఇద్దరాడవాళ్ళ పెళ్ళి సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు. ఎనిమిది మాత్రం ఇప్పుడే, పసుపు ఆరేలోగా, ఏదో ఒకటి చెయ్యాలి. వదిన కళ్ళు తుడుచుకుని, పక్కింటి మీనాచ్చిని పిలుచుకొస్తానని గుమ్మం వైపు పరుగెత్తింది. ఆ నిమిషంలో ఆమె మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

"ఆగవే సెల్వీ," అంది పెరియమ్మ.

కొంగు ముడి విప్పుతోంది. నమలడానికి ఎప్పుడూ కట్టుకునే వక్కల్లోంచి ఒకటి తీసి, నా పేరు మీద, టక్కుమని చప్పుడయ్యేలా పళ్ళెంలో వేసింది. ఇంకొకటి తీసి వేళ్ళ మధ్య పట్టుకుంది.

"ఇంటి మనిషి గ్యారేజీలో ఉండగా పక్కింటామె దేనికి? మీ అత్తకి ఆఖరి స్నానం చేయించిన చెయ్యే అది. నువ్వే వెళ్ళి పిలుచుకురా."

వదిన వియ్యపురాలి వైపు చూసింది. ఆవిడ కాసేపు పెళ్ళికూతురి బుగ్గలకేసి చూసింది, నా మణికట్టు వదలని పిల్ల చేతికేసి చూసింది. "ఎవరైనా ఒకరు త్వరగా రండి. పసుపు ఆరితే పగుళ్ళిస్తుంది," అంది. అది ఒప్పుకోవడమో, ఒప్పుకోకుండా ఊరుకోవడమో నాకు తెలీదు. వదిన వెళ్ళింది. గ్యారేజీ దాకా వెళ్ళే ఆ చెప్పుల చప్పుడు వింటూ నేను పీట ముందు నుంచి లేవలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

వరాలు వచ్చింది. మోచేతుల దాకా పిండి, నుదుటి మీద చెమట, జుట్టుకి అడ్డంగా కట్టుకున్న వంటింటి గుడ్డ. పక్కన వదిన ఆమె మోచెయ్యి పట్టుకుని ఉంది. దారిలో ఏమీ చెప్పినట్టు లేదు. వరాలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కాలు లోపల పెట్టకుండా, పసుపు చేతులతో ఏడుస్తున్న నన్నూ, తన వైపే చూస్తున్న జనాన్నీ చూసి కంగారు పడింది.

"ఏమైంది? వడలు తక్కువయ్యాయా?"

పెరియమ్మ తొమ్మిదో వక్కని పళ్ళెం మీదికి తెచ్చి పట్టుకుంది.

"వడలు కాదే కోడలు పిల్లా," అంది. "నువ్వే తక్కువయ్యావు."